అమ్మతో వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్: మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఘాంగరియా దాకా నడవగలరా?

బ్రాడీపేట_నాలుగోలైను (మార్చి 2)

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాను, అమ్మ గుంటూరులో ఉంటుంది. అమ్మకు 62. ముప్పై ఏళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైంది. రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు, కేసరాలు, అండకోశం అంటూ బోర్డు మీద పువ్వు బొమ్మ ఎన్ని వందల సార్లు వేసిందో లెక్కలేదు. కానీ పిల్లలకు కోసి చూపించడానికి ఎప్పుడూ ఉమ్మెత్త, మందారమే దొరికేవట. ఉత్తరాఖండ్‌లో ఉన్న ఆ పూలలోయ ఫొటో ఒకటి ఎప్పుడో పత్రికలోంచి కత్తిరించి నోట్‌బుక్కులో అంటించుకుంది. మొన్న ఇల్లు సర్దుతుంటే అది నా కంటపడింది.

ఈ జులైలో తీసుకెళ్దామని ఉంది. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటుంది. కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు నొప్పి పెడుతుంది. అలిపిరి దారిలో తిరుమల ఎక్కి పదేళ్లయింది. ఒక ట్రావెల్ ఏజెన్సీ వాళ్లను అడిగితే "ఏం ఫర్వాలేదు మేడం, అందరూ వెళ్తున్నారు" అన్నారు, ఆ ఒక్క మాటకే నాకు టెన్షన్ పట్టుకుంది. వెళ్లొచ్చినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కొండపల్లి_బాట (మార్చి 2)

బ్రాడీపేట గారూ, నేను మూడుసార్లు వెళ్లాను, ఒకసారి మా బావగారితో, ఆయనకప్పుడు 66. వెళ్లగలరు. కానీ "అందరూ వెళ్తున్నారు" అని మాత్రం వెళ్లకూడదు. ముందు దారి ఎలా ఉంటుందో తెలుసుకోండి.

రిషికేశ్ నుంచి గోవింద్‌ఘాట్ సుమారు 270 కిలోమీటర్లు. మన హైవే లెక్కన అయితే ఐదు గంటలు, అక్కడ పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి జోషీమఠ్ చేరితే చాలు అనుకోవాలి. రాత్రిపూట ఆ ఘాట్ రోడ్డు మీద బండ్లను పోనివ్వరు. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ అన్నీ దారిలోనే వస్తాయి, అమ్మగారికి ఆ ప్రయాణం కూడా నచ్చుతుంది. జోషీమఠ్ నుంచి గోవింద్‌ఘాట్ ఇరవై కిలోమీటర్లు. అక్కడినుంచి పుల్నా అనే ఊరిదాకా 4 కిలోమీటర్లు షేర్ జీపులు తిరుగుతాయి. అసలు నడక పుల్నాలో మొదలవుతుంది.

పుల్నా నుంచి, లోయకు ముందు మకాం వేసే ఊరు ఘాంగరియా తొమ్మిది, పది కిలోమీటర్లు, అంతా ఎక్కుడే. నిలువు ఎత్తు చూస్తే సుమారు వెయ్యి మీటర్లు, అంటే తిరుమల కొండ ఎక్కినదానికంటే ఎక్కువే. కాకపోతే రాళ్లు పరిచిన వెడల్పాటి దారి, పక్కనే లక్ష్మణగంగ, మధ్యమధ్యలో టీకొట్లు. భ్యూండార్ ఊరు దాటి, వంతెన మీదుగా ఏటి అవతలికి వెళ్లాక చివరి మూడు కిలోమీటర్లు నిటారుగా ఉంటుంది. అందరికీ ఊపిరి ఆడనిది అక్కడే. ఆ ముక్క కోసం బలం మిగుల్చుకోవాలి.

ఘాంగరియా మూడు వేల మీటర్ల ఎత్తులో ఉంటుంది. గురుద్వారా, కొన్ని హోటళ్లు ఉన్నాయి, మకాం అక్కడే. ఊరు దాటగానే దారి రెండుగా చీలుతుంది, ఎడమవైపు లోయకు, కుడివైపు హేమకుండ్ సాహిబ్‌కు, అంటే పైన సరస్సు ఒడ్డున ఉన్న సిక్కుల గురుద్వారాకు. లోయవైపు అటవీశాఖ చెక్‌పోస్టు దాటి, పుష్పావతి నది మీది వంతెన దాకా దిగి, అక్కడినుంచి మళ్లీ గట్టిగా ఎక్కాలి. మొత్తం నాలుగు కిలోమీటర్లు నడిస్తే లోయ తెరుచుకుంటుంది. ఇక ఎంత లోపలికి పోతారో మీ ఇష్టం. గుర్రాలను రానివ్వరు, కొట్లుండవు, గుడారం వేయనివ్వరు, సాయంత్రం 5 లోపు బయటికి రావాలి. తినేవి, నీళ్లు ఘాంగరియా నుంచే పట్టుకెళ్లాలి.

ఏజెన్సీ వాళ్లు ఇచ్చే ప్లానులో సాధారణంగా లోయ ఒకరోజు, హేమకుండ్ మరుసటిరోజు, మూడోరోజు కిందికి. అమ్మగారికి అది పనికిరాదు. ఘాంగరియాలో ఒకరోజు ఎక్కువ ఉంచుకోండి. నా అనుభవంలో ముఖ్యమైన మాట ఇదొక్కటే.

తెనాలి_రన్నర్ (మార్చి 2)

బాట అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నా సంగతి చెప్తాను, పనికొస్తుంది.

నాకు 26, హాఫ్ మారథాన్లు పరిగెత్తుతాను. పోయిన ఆగస్టులో ఫ్రెండ్స్‌తో వెళ్లాను. పుల్నా నుంచి ఘాంగరియా మూడున్నర గంటల్లో ఎక్కేశాను. మర్నాడు పొద్దున్నే హేమకుండ్. ఆరు కిలోమీటర్లే కదా అనుకున్నాను. కిలోమీటరుకు రెండొందల మీటర్లు ఎక్కాలి, పైన ఎత్తు 4 వేల మీటర్లు దాటుతుంది. చివర్లో మెట్లదారి పట్టి దాదాపు పరుగులాంటి నడక నడిచాను. సరస్సు కనబడేసరికి తల పగిలిపోతోంది, రెండుసార్లు వాంతి, అడుగు వేస్తే తూలుతున్నాను. గురుద్వారాలో సేవ చేసే ఒక పెద్దాయన చూసి కూర్చోబెట్టి టీ ఇచ్చి, "ఆలస్యం చేయకు, ఇప్పుడే దిగు" అన్నారు. ఘాంగరియా చేరేసరికి తొంభై శాతం తగ్గిపోయింది. మాతో వచ్చిన ఒకాయనకు 58, చిన్న అడుగులతో ఆగి ఆగి ఎక్కాడు, ఆయనకు ఏమీ కాలేదు. వయసు కంటే వేగమే ఎక్కువ దెబ్బతీస్తుందని నాకు అక్కడ అర్థమైంది.

నైట్‌డ్యూటీ_డాక్టరు (మార్చి 3)

తెనాలి తమ్ముడికి వచ్చింది ఎత్తు వల్ల వచ్చే జబ్బే. ఫిట్‌నెస్ దీన్ని ఆపదు. ఇంకా ఫిట్‌గా ఉన్నవాళ్లే త్వరగా ఎక్కేసి తెచ్చుకుంటారు. మూడు వేల మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి మన గుంటూరులో ఉన్నదాంట్లో సుమారు 70 శాతం, హేమకుండ్ దగ్గర 60 శాతం. ఒంటికి అలవాటు పడే టైం ఇవ్వాలి, అంతే.

బ్రాడీపేట గారూ, అమ్మగారికి బీపీ మాత్రతో అదుపులో ఉంటే అదొక్కటే అడ్డం కాదు. కానీ వెళ్లేముందు ఈసీజీ, అవసరమైతే ఎకో చేయించండి, రక్తం తక్కువ ఉందేమో చూపించండి. ఎత్తు జబ్బు రాకుండా డయామాక్స్ అనే మాత్ర గురించి చాలామంది చెబుతారు. అది మీ డాక్టరును అడిగే వేసుకోవాలి, సల్ఫా మందులు పడనివాళ్లకు మరీ జాగ్రత్త. తలనొప్పి ఒక్కటే ఉంటే విశ్రాంతి తీసుకుని నీళ్లు తాగి చూడొచ్చు, ఇంకా పైకి మాత్రం వెళ్లకూడదు. తలనొప్పితో పాటు వాంతులు, తూలడం, కూర్చున్నా ఆయాసం ఉంటే రాత్రయినా సరే కిందికి దింపాలి.

మోకాలి సంగతి వేరు. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు ఏడిపిస్తుంది. తొడ ముందు కండరాలు గట్టిపడాలి, నాలుగు నెలల టైం ఉంది కాబట్టి ఇప్పుడే ఫిజియోథెరపిస్టును కలిస్తే తేడా కనిపిస్తుంది. రెండు చేతులకూ రెండు కర్రలు. ఒకటి చాలదు.

బ్రాడీపేట_నాలుగోలైను (మార్చి 3)

డాక్టరు గారూ, బాట గారూ, తెనాలి తమ్ముడూ, చాలా థాంక్స్. ఇవన్నీ అమ్మకు చదివి వినిపించాను. "వేగమే కదా సమస్య, నాకు వేగం లేదుగా" అంది. నడక ప్రాక్టీసు ఎక్కడ చేయిస్తే మంచిది? గుంటూరులో అంతా చదునే. ఎండలు కూడా మొదలైపోయాయి.

మంగళగిరి_మగ్గం (మార్చి 4)

చెల్లీ, పక్కనే మంగళగిరి పెట్టుకుని చదును అంటావేంటమ్మా. నాకు 57, రెండు మోకాళ్లూ అరిగాయని చెప్పారు. ఐదేళ్ల కిందట వెళ్లొచ్చాను, ప్రాక్టీసంతా పానకాలస్వామి మెట్ల మీదే. ఎలా చేశానో చెప్తాను, అలాగే చెయ్యి.

మొదటి నెల వారానికి మూడురోజులు, ఒక్కసారి ఎక్కి దిగడం. ఉదయం ఐదున్నరకల్లా మొదటి మెట్టు మీద ఉండాలి, ఏడు దాటితే రాయి కాలడం మొదలవుతుంది. రెండో నెల గుడి దగ్గర ఆగకుండా పైన గండాలయం దాకా. అక్కడ మెట్లు సరిగా ఉండవు, రాళ్ల మీద కాలు ఎలా పెట్టాలో అక్కడే తెలిసొచ్చింది. మూడో నెల వీపు మీద సంచిలో మూడు కిలోల బియ్యం. ఆదివారాలు కోటప్పకొండ మెట్లు, రెండుసార్లు కొండవీడు వెళ్లాం. దిగేటప్పుడు పక్కకు తిరిగి, కర్ర ముందు మెట్టు మీద పెట్టి, ఆ తర్వాత కాలు. మొదట్లో అందరూ చూస్తుంటే సిగ్గేసేది, తర్వాత పోయింది.

కాళ్ల బలానికే ఈ ప్రాక్టీసంతా, పైన గాలి పలచగా ఉండటానికి ఇక్కడ ఎంత చేసినా ఉపయోగం లేదు, అందుకే డాక్టరు గారు చెప్పిన మాట మర్చిపోవద్దు. బూట్లు కూడా ఇప్పుడే కొనాలి. చీలమండ దాకా పట్టుకునేవి, ఒక సైజు ఎక్కువ. ఈ మెట్ల మీదే వాటిని అలవాటు చేయాలి. కొత్త బూట్లతో వచ్చిన మా గుంపులో ఒకావిడ గోళ్లు రెండు నల్లబడి ఊడిపోయాయి.

సత్తెనపల్లి_రోడ్డు (మార్చి 6)

అందరూ ఇంత కష్టం చెబుతున్నారు, గోవింద్‌ఘాట్ నుంచి ఘాంగరియాకు హెలికాప్టర్ ఉంది, గుర్రాలున్నాయి. పెద్దావిడను ఎందుకు నడిపించడం? ఇంకోమాట. అంతదూరం వెళ్లి హేమకుండ్ సాహిబ్ చూడకుండా తిరిగిరావడం నా మనసుకు ఒప్పదు. గురు గోవింద్ సింగ్ తపస్సు చేసిన చోటుగా సిక్కులు కొలుస్తారు, పక్కనే లక్ష్మణుడి గుడి ఉంది, సరస్సు ఒడ్డున వేడివేడి కిచిడీ పెడతారు. మా నాన్న 64 ఏళ్ల వయసులో గుర్రం మీద వెళ్లి దర్శనం చేసుకున్నారు. ఆ రోజు గురించి ఇప్పటికీ చెబుతారు.

కొండపల్లి_బాట (మార్చి 6)

రోడ్డు గారూ, మీ నాన్నగారి సంతోషం నాకు అర్థమైంది. హేమకుండ్ గొప్ప చోటే, నేను కాదనను. కానీ ఈవిడ వెళ్తున్నది పూలకోసం. హేమకుండ్‌కు ఒక రోజంతా, ఒంట్లో ఉన్న సత్తువంతా పోతుంది, పైన రాత్రి ఉండనివ్వరు, అదేరోజు దిగాలి. ఆ దిగుడే మోకాలికి అన్నిటికంటే చెడ్డది. హేమకుండ్‌కు బదులు ఆ రోజు రెండోసారి లోయకు వెళ్తే మొదటిరోజు వానలో కనబడనివి కనబడతాయి. నేను మూడుసార్లలో ఒక్కసారే హేమకుండ్ ఎక్కాను.

హెలికాప్టర్ మబ్బు పడితే ఎగరదు. జులైలో మబ్బు లేని రోజును నమ్ముకుని ప్లాను వేయకూడదు. గుర్రాల మాటకొస్తే, వాన నీళ్లకు ఆ రాళ్లు జారతాయి, బరువు మోసి మోసి వాటి వీపులు పుండ్లు పడి ఉంటాయి, చూస్తే బాధేస్తుంది. ఎక్కేవాళ్లను తప్పుపట్టను, అవసరం అలాంటిది. ఎక్కితే మాత్రం జంతువు కాళ్లు, వీపు చూసి, ఎక్కించుకునే మనిషి దాంతో ఎలా ఉన్నాడో చూసి ఎంచుకోండి.

సత్తెనపల్లి_రోడ్డు (మార్చి 7)

రెండోసారి లోయకు వెళ్లే ఆలోచన నాకు తట్టలేదు. సరే, ఆవిడ ఇష్టం ఏదైతే అదే. గుర్రాల గురించి మీరు చెప్పింది మా నాన్నను అడిగాను, ఆయన కూడా అదే అన్నారు, దిగేటప్పుడు నడిచే వచ్చారట.

పెరటి_పూలు (మార్చి 9)

మా ఇల్లు విజయవాడ పటమటలో. మా డాబా మీద బ్రహ్మకమలం ఏటా పూస్తుంది, రాత్రి పదింటికి విచ్చుకుని తెల్లారేసరికి వాడిపోతుంది, వీధి అంతా చూడ్డానికి వస్తారు. అక్కడ కొండల మీద పూసేది కూడా ఇదేనా? అయితే అమ్మగారు మా ఇంటికి వస్తే చాలు కదా, ఎప్పుడైనా రావచ్చు.

బ్రాడీపేట_నాలుగోలైను (మార్చి 10)

పెరటి పూలు గారూ, మీ పోస్టు అమ్మకు చూపించాను, అరగంట క్లాసు చెప్పింది, ఆవిడ మాటల్లోనే రాస్తున్నాను:

"మన ఇళ్లల్లో కుండీల్లో పెంచుకునేది నిజానికి ఒక రకం కాక్టస్, నాగజెముడుకు చుట్టం, మెక్సికో వైపు నుంచి వచ్చింది. రాత్రి పూయడం దాని గుణం. హిమాలయాల్లో ఉండే బ్రహ్మకమలం వేరే మొక్క. అది బంతి, చామంతి కుటుంబం. పైకి తెల్లటి తామర రేకుల్లా కనిపించేవి రేకులు కావు, పలచటి ఆకులు. చలి నుంచి, వాన నుంచి లోపలున్న ఊదారంగు చిన్నచిన్న పూలను అవి కప్పి ఉంచుతాయి. అది ఉత్తరాఖండ్ రాష్ట్రపుష్పం. ఇంట్లో పూసే పువ్వు అందం దానిదే, పిలిచారు కాబట్టి తప్పకుండా వస్తాను."

ఈవిడ ఇప్పటికే అక్కడి మొక్కల జాబితా తయారు చేసుకుంటోంది.

కొత్తపేట_చర్చివీధి (మార్చి 14)

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. లోయలో ఒక సమాధి ఉంది, దాని గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

1931లో ఫ్రాంక్ స్మైత్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు, ఆయన తోటివాళ్లు కామెట్ శిఖరం ఎక్కి తిరిగివస్తూ ఈ లోయలోకి దిగారు. బయటి ప్రపంచానికి దీని పేరు ఆయన వల్లే తెలిసింది. అక్కడి భ్యూండార్ ఊరివాళ్లకు మాత్రం అంతకుముందు నుంచీ తెలిసిన లోయే. తర్వాత 1939లో లండన్ క్యూ గార్డెన్స్ తరఫున జోన్ మార్గరెట్ లెగ్ అనే ఆవిడ మొక్కలు సేకరించడానికి వచ్చి, రాళ్ల వాలు మీద కాలుజారి పడి చనిపోయారు. ఆవిడ చెల్లెలో అక్కో తర్వాత వచ్చి అక్కడే రాయి వేయించారు. దాని మీద బైబిల్లోని 121వ కీర్తనలో కొండలవైపు కన్నులెత్తే వాక్యం ఉంది. మా అమ్మ ప్రతి ప్రయాణానికి ముందు ఇంట్లో చదివించేది ఆ కీర్తనే. అమ్మ పోయిన ఏడాదే నేను వెళ్లాను. ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యం నా చెవికి తెలుగులోనే వినిపించింది. చాలాసేపు లేవలేకపోయాను.

లోయ మొదట్లోంచి సమాధి దాకా ఇంకో రెండు కిలోమీటర్లు ఉంటుంది, దారి దాదాపు చదునే. బోర్డు ఉంటుంది. అమ్మగారిని అక్కడిదాకా తీసుకెళ్లండి.

కొండపల్లి_బాట (ఏప్రిల్ 20)

టికెట్ల టైం దగ్గరికొస్తోంది కాబట్టి ఇంకొన్ని సంగతులు. పార్కు జూన్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా తెరిచి ఉంటుంది. జూన్‌లో మంచు ఉంటుంది, పూలు తక్కువ. జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా అసలు పూత. మీలాంటివాళ్లకు జులై చివరివారం మంచిది. సెప్టెంబర్‌కు వాన తగ్గి కొండలు బాగా కనిపిస్తాయి, బ్రహ్మకమలాలు హేమకుండ్ దారిలో ఉంటాయి, లోయ మాత్రం పచ్చదనం పోయి రంగు మారుతుంటుంది.

పూత మంచిగా ఉండే రోజులే వానరోజులు కూడా. రుద్రప్రయాగకు ముందు సిరోబగడ్ లాంటి చోట్ల కొండచరియలు విరిగిపడి రోడ్డు గంటల తరబడి మూసుకుపోతుంది. 2013 జూన్ వరదల్లో గోవింద్‌ఘాట్ నుంచి పైకి వెళ్లే పాతదారే కొట్టుకుపోయింది, ఇప్పుడు మనం నడిచేది చాలావరకు ఆ తర్వాత వేసినది. అందుకని వెనక్కి వచ్చే రైలుకూ కిందికి దిగే రోజుకూ మధ్య కనీసం రెండు ఖాళీరోజులు పెట్టుకోండి. రోడ్డు మూయకపోతే ఆ రెండు రోజుల్లో బదరీనాథ్ వెళ్లిరావచ్చు, గోవింద్‌ఘాట్ నుంచి పాతిక కిలోమీటర్లే. దానికి ముందే ఆన్‌లైన్‌లో యాత్రా రిజిస్ట్రేషన్ చేసుకోవాలి.

విజయవాడ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లోనో తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లోనో ఢిల్లీ, ఒక రాత్రి ఆగి హరిద్వార్. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. గన్నవరం నుంచి విమానంలో ఢిల్లీ మీదుగా డెహ్రాడూన్ వెళ్తే ఒళ్లు అలసిపోదు. జోషీమఠ్ దాటాక ఏటీఎం మీద ఆధారపడొద్దు, నగదు దగ్గర ఉంచుకోండి. వానకోటు కంటే సంచితో సహా కప్పే పాంచో మేలు.

తెనాలి_రన్నర్ (ఏప్రిల్ 20)

ఒక డౌటు అన్నా. నేను వెళ్లినప్పుడు లోయలో చాలాచోట్ల నడుమెత్తు పెరిగిన ఒకే రకం తెల్లపూల మొక్క కనిపించింది, మిగతా పూలన్నీ దాని కింద మునిగిపోయాయి. అదేంటి?

కొండపల్లి_బాట (ఏప్రిల్ 21)

పాలిగోనం. పరాయి దేశపు మొక్క కాదు, హిమాలయాలదే, కానీ ఆక్రమించేస్తోంది. అటవీశాఖవాళ్లు ఏటా మనుషులను పెట్టి పీకిస్తారు. 1982లో నేషనల్ పార్క్ చేసినప్పుడు గొర్రెలు, మేకల మేత ఆపేశారు. మంద తొక్కి, తిని అదుపులో ఉంచిన మొక్కలు ఆ తర్వాత విజృంభించాయని కొందరంటారు, మంద తిరిగి వస్తే నాజూకు పూలే ముందు పోతాయని ఇంకొందరంటారు. అక్కడి గొర్రెలకాపరుల కుటుంబాల్లోని మనుషులే ఇప్పుడు ఘాంగరియాలో హోటళ్లు నడుపుతూ, దారిపొడవునా మనం పారేసిన ప్లాస్టిక్ ఏరుతున్నారు. మేత పోయి వాళ్ల బతుకు మారింది, అందుకని ఆ మొక్క గురించి వాళ్ల పెద్దవాళ్లను అడిగి వినాలని నా అభిప్రాయం. 87 చదరపు కిలోమీటర్ల చిన్న పార్కు ఇది, 2005లో యునెస్కో జాబితాలో చేరింది, దాన్ని ఇంతకాలం చూసుకున్నది ఆ కుటుంబాలే.

బ్రాడీపేట_నాలుగోలైను (ఆగస్టు 9)

వెళ్లొచ్చాం! రాయడానికి వారం పట్టింది, క్షమించండి.

మంగళగిరి అక్కా, నువ్వు చెప్పినట్టే మార్చి నుంచి జులై దాకా అమ్మను మెట్లెక్కించాను. మే నెలలో రెండు వారాలు వడగాడ్పులకు ఆపేశాం, అప్పుడు ఇంట్లో కుర్చీలో కూర్చుని లేచే వ్యాయామం చేసింది. ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు అన్నీ చేయించాం డాక్టరు గారూ. డయామాక్స్ మా డాక్టరు అక్కర్లేదన్నారు.

జోషీమఠ్ వెళ్లే దారిలో కొండచరియ పడి ఐదు గంటలు ఆగిపోయాం. పీపల్‌కోటిలో రాత్రి ఉండి మర్నాడు జోషీమఠ్, ఆ పైరోజు పుల్నా. పొద్దున ఆరుంబావుకు నడక మొదలుపెట్టి ఘాంగరియా చేరేసరికి మధ్యాహ్నం మూడున్నర. మమ్మల్ని దాటి వెళ్లని మనిషి లేడు. భ్యూండార్ దాటాక వంతెన అవతలి ఎక్కుడు దగ్గర అమ్మ ఇరవై అడుగులు, ఒక నిమిషం, ఇరవై అడుగులు, ఒక నిమిషం అని లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. ఆ చెట్లనీడలోనే మొదటి వింత కనిపించింది, పడగ విప్పిన పాములా ఒక ఆకుపచ్చ పువ్వు. ఆవిడ అక్కడే చతికిలబడి "ఇది మన కంద, చేమల కుటుంబం" అంది. అలసట ఎటుపోయిందో.

మొదటిరోజు లోయలో వాన. ముందు పది గజాలు కనబడలేదు. గులాబిరంగు బాల్సం పూలు మాత్రం దారికి రెండువైపులా నడుము దాకా, నీళ్లు ఓడుతూ. మన పెరట్లో వేసుకునే బాల్సం జాతిదేనట, కాయ ముదిరాక ముట్టుకుంటే చిట్లి గింజలు ఎగురుతాయట. మధ్యాహ్నం రెండింటికే వెనక్కి వచ్చేశాం, తడిసిపోయి, కొంచెం నిరాశగా. ఆ రాత్రి అమ్మకు కొద్దిగా తలనొప్పి కూడా వచ్చింది. నీళ్లు తాగించి, తొమ్మిదింటికే పడుకోబెట్టాను. పొద్దునకు తగ్గింది. ఏజెన్సీ ప్లాను ప్రకారం వచ్చి ఉంటే ఆరోజు హేమకుండ్ ఎక్కుతూ ఉండేవాళ్లం.

దాని బదులు మళ్లీ లోయకే వెళ్లాం. బాట గారూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియదు. ఆరోజు ఎండ. పుష్పావతి అవతల మంచుగడ్డలు, కొండ వాలంతా పసుపు, ఊదా, తెలుపు. అమ్మ ఒక రాయి మీద కూర్చుని, చేయి చాపితే అందే నేలలో ఎన్ని రకాలున్నాయో లెక్కపెట్టడం మొదలెట్టింది. గంటన్నర. 23 వచ్చాయి. ఒక్కటీ కోయలేదు, భూతద్దం పెట్టి చూసింది, నోట్‌బుక్కులో బొమ్మలు వేసుకుంది. తర్వాత రాళ్ల మధ్య ఒంటరిగా ఒక నీలి పాపీ కనబడింది. కాడ నిండా ముళ్లు, రేకులు తడి పట్టుచీరలా, మధ్యలో పసుపు కేసరాలు. "మనం కూరలో వేసుకునే గసగసాల చుట్టం ఇది, చూడవే" అని నా చేయి పట్టుకుంది. ఆవిడ చేయి వణుకుతోంది. నేను ఆవిడ పిల్లనే, ఆవిడ క్లాసులో ఎప్పుడూ కూర్చోలేదు. ఆరోజు కూర్చున్నాను.

కొత్తపేట గారూ, సమాధి దాకా వెళ్లాం. మీ అమ్మగారిని తలుచుకుని కాసేపు నిలబడ్డాం. "మొక్కలకోసం వచ్చి ఇక్కడే ఉండిపోయింది" అని అమ్మ ఆ రాయి మీద పడిన ఆకులు తీసింది.

దిగేరోజు మాత్రం మోకాలు వాచింది. రెండు కర్రలున్నా సగం దారిలో కాలు కిందపెట్టలేకపోయింది. గుర్రం వద్దంది. చివరికి కండీ మాట్లాడాం, వీపు మీద బుట్టలో కూర్చోబెట్టుకుని మోస్తారు. నేపాల్ నుంచి వచ్చిన అబ్బాయి, ముప్పై ఏళ్లుంటాయేమో. ఇంకో మనిషి మీద కూర్చుని దిగడం అమ్మకు చాలా కష్టమనిపించింది, మొదటి కిలోమీటరు కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఈవిడకు హిందీ అంతంతమాత్రం. కానీ ఆగిన ప్రతిచోటా అతను చెట్టు చూపించి పేరు చెప్పాడు, ఈవిడ తెలుగులో రాసుకుంది. భోజ్‌పత్ర చెట్టు బెరడు ఎలా పొరలుగా ఊడుతుందో అతనే చూపించాడు. పుల్నాలో మాట్లాడిన డబ్బుకు మించి ఇవ్వబోతే ముందు తీసుకోలేదు. ఈ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎవరైనా.

నైట్‌డ్యూటీ_డాక్టరు (ఆగస్టు 9)

తలనొప్పి వచ్చాక హేమకుండ్ అంత ఎత్తుకు వెళ్లకపోవడం సరైన నిర్ణయం. మోకాలి వాపు వారం దాటినా ఉంటే ఎముకల డాక్టరుకు చూపించండి, ఆలస్యం చేయకండి. నోట్‌బుక్కులోని బొమ్మలు ఒకటి రెండు ఇక్కడ పెట్టగలరా?

మంగళగిరి_మగ్గం (ఆగస్టు 10)

చదువుతుంటే నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి చెల్లీ. అమ్మగారిని తీసుకుని ఒకసారి మంగళగిరి రా. మెట్లెక్కొద్దులే, మా ఇంట్లో కూర్చుని ఆ నోట్‌బుక్కు చూద్దాం. ఆ నీలిరంగు ఎలా ఉందో చెబితే అద్దకం వాళ్లను అడిగి ఆ రంగులో ఒక చీర నేయిస్తాను.

ఏలూరు_కాలువగట్టు (ఆగస్టు 12)

ఈ చర్చ మొత్తం ఇప్పుడే చదివాను. మా అత్తగారికి 60, వచ్చే జులైకి అనుకుంటున్నాం. బ్రాడీపేట గారూ, కర్రలు, పాంచోలు కొన్నారా, అక్కడ అద్దెకు తీసుకున్నారా?

బ్రాడీపేట_నాలుగోలైను (ఆగస్టు 12)

కర్రలు ఇక్కడే కొన్నాం, మెట్ల మీద అలవాటు అవ్వాలి కదా. మళ్లీ మాకు వెంటనే అవసరం లేదు. రెండు జతల కర్రలు, రెండు పాంచోలు ఉన్నాయి, ఒక పాంచోకు చంక దగ్గర చిన్న చిరుగు ఉంది, టేపు వేశాను. గుంటూరు వచ్చినప్పుడు తీసుకెళ్లండి. అత్తగారిని కూడా తీసుకురండి, అమ్మ మాట్లాడతానంటోంది. మార్చిలో కాదు, ఇప్పుడే మెట్లు మొదలుపెట్టమని చెప్పమంది.